సూర్యుడి మీద మోపిన కరువు

1876లో మద్రాసు ప్రెసిడెన్సీలో వానలు తప్పాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. అది ధాత నామ సంవత్సరం కావడం వల్ల మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. 1878 దాకా సాగిన ఈ కరువులో దక్షిణ, పశ్చిమ భారతాల్లో చనిపోయినవారు యాభై లక్షలకు పైనే ఉంటారని ఎక్కువమంది అంచనా. జనం ఇంకా చనిపోతూ ఉండగానే, 1877లో, ఒక చిన్న పుస్తకం వెలువడింది. దక్షిణ భారతంలో అనావృష్టి, కరువుల చక్రం గురించి రాసిన ఆ పుస్తకానికి కర్త విలియం విల్సన్ హంటర్. అప్పటి భారత ప్రభుత్వ గణాంక శాఖకు డైరెక్టర్ జనరల్. దక్షిణాది కరువులకు సూర్యమచ్చలతో సంబంధం ఉందన్నది ఆయన వాదన.

అదే ఏడు నవంబరులో హంటర్, ఖగోళ శాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ కలిసి ఇంగ్లండులోని ఒక ప్రసిద్ధ పత్రికలో ఇదే విషయం మీద వ్యాసం రాశారు. లాకియర్ సామాన్యుడు కాడు. హీలియం కనుగొన్న కథలో ఆయన పేరు మీరు చదివే ఉంటారు. ‘నేచర్’ పత్రికను స్థాపించినదీ ఆయనే. ఇంత పెద్దవారు చెప్పిన మాటను తీసుకుని, అది ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చూద్దాం. తప్పును వెతికే పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముందుగా మచ్చల సంగతి. జర్మనీలోని డెస్సావులో శ్వాబే అనే మందుల వ్యాపారి ఉండేవాడు. బుధగ్రహం కంటే లోపల మరో గ్రహం ఉందేమో పట్టుకోవాలని 1826 నుంచి రోజూ సూర్యబింబాన్ని పరిశీలించి మచ్చలు లెక్కపెట్టాడు. గ్రహం దొరకలేదు. కానీ మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని 1843 నాటికి తేలింది. తరువాత రుడాల్ఫ్ వోల్ఫ్ పాత రికార్డులన్నీ తిరగేసి సగటు కాలం 11 ఏళ్లకు కొంచెం ఎక్కువ అని లెక్క కట్టాడు. ఇది సగటు మాత్రమే సుమా! ఒక్కొక్క చక్రం తొమ్మిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పట్టవచ్చు. మచ్చలు అయస్కాంత క్షేత్రపు ముడులనీ, ఆ క్షేత్రం లోపలి వేడిని పైకి రానివ్వకపోవడం వల్లే అక్కడ నల్లగా కనిపిస్తుందనీ హంటర్ కాలానికి తెలియదు. మచ్చల్లో అయస్కాంతత్వాన్ని హేల్ కనుగొన్నది 1908లో.

హంటర్ చేసిన పని ఇది. మద్రాసు నగరంలో 1813 నుంచి కొలిచిన వాన లెక్కలున్నాయి. వాటిని పదకొండేళ్ల వరుసలుగా పేర్చాడు. చక్రంలో మొదటి ఏడు, రెండో ఏడు, ఇలా ఒక్కొక్క స్థానానికి సగటు తీశాడు. మచ్చలు తక్కువగా ఉన్న ఏళ్లలో వాన కూడా తక్కువగా కనిపించింది. పైగా ఆనాటి పాఠకుడికి కరువుల తేదీలు కళ్లెదుటే ఉన్నాయి. గుంటూరును తుడిచిపెట్టిన నందన కరువు 1832–33లో వచ్చింది, మచ్చల కనిష్ఠం 1833లో. ఒరిస్సా, గంజాం కరువు 1866లో, కనిష్ఠం 1867లో. ధాత కరువు 1876–78లో, కనిష్ఠం 1878 చివరలో. ఈ జతలు చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధి వేస్తుంది. ఆ కాలంలో ఉంటే నేనూ నమ్మేవాణ్ణేమో.

అయితే ఆ వాన కొలిచింది ఎక్కడ? మద్రాసు నగరంలో. ఆ ఊరికి వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వీచే ఈశాన్య రుతుపవనాలు ఇస్తాయి. కర్నూలు, బళ్లారి మెట్టచేలు ప్రధానంగా ఆధారపడేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే నైరుతి మీద. సముద్రపు ఒడ్డున తుపానులు కురిపించే వానను చూసి రాయలసీమ జొన్నచేను సంగతి చెప్పడం ఎలా కుదురుతుంది? పుస్తకం పేరులో ‘దక్షిణ భారతం’ ఉంది, లెక్కల్లో మాత్రం ఒక్క ఊరు ఉంది. హంటర్ వాదనలో నాకు అన్నిటికంటే బలహీనంగా తోచేది ఇదే.

రెండో లోపం అంకెల్లో ఉంది. అరవై నాలుగేళ్ల లెక్కను పదకొండు స్థానాలకు పంచితే ఒక్కో స్థానానికి దక్కేవి ఐదారు అంకెలు. అన్ని తక్కువ అంకెల సగటులు ఏ కారణమూ లేకుండానే ఎగుడుదిగుడుగా ఉంటాయి. మీరే చేసి చూడండి. ఒక పాచికను 66 సార్లు వేయండి. వచ్చిన అంకెలను పదకొండేసి చొప్పున ఆరు వరుసలుగా రాసి, నిలువు వరుసలకు సగటు తీయండి. అన్నిటికంటే పెద్ద సగటుకూ చిన్న సగటుకూ మధ్య రెండు దాకా తేడా రావడం మామూలే. గ్రాఫు గీస్తే చక్కని కొండా లోయా కనిపిస్తాయి. పాచికకు సూర్యుడితో ఏం పని?

ఈ లోపాన్ని అప్పుడే పట్టుకున్నవాడు ఒకడున్నాడు. అతడు రిచర్డ్ స్ట్రాచీ, తరువాత కరువు కమిషన్‌కు అధ్యక్షుడైనవాడు. 1877లోనే రాయల్ సొసైటీకి ఒక వ్యాసం సమర్పించాడు. అతని ప్రశ్న సూటిగా ఉంది: చక్రం నిజమైతే, ఏ ఏటి వానైనా మొత్తం సగటు కంటే ఆ చక్రస్థానపు సగటుకు బాగా దగ్గరగా ఉండాలి కదా? లెక్క వేసి చూస్తే తేడాలు తగ్గింది నామమాత్రమే. అంటే ‘ఈ ఏడు చక్రంలో ఫలానా స్థానంలో ఉంది’ అని తెలిసినా రైతుకు కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. హంటర్ పుస్తకానికి వచ్చిన పేరు ఈ వ్యాసానికి రాలేదు. ‘సంబంధం ఉంది’ అన్న మాట త్వరగా పాకుతుంది, ‘లేదు’ అన్నది అంత త్వరగా పాకదు.

ఇంగ్లండులో ఈ ఊహను ఇంకా దూరం లాక్కెళ్లినవాడు ఆర్థిక శాస్త్రజ్ఞుడు స్టాన్లీ జెవన్స్. మచ్చల వల్ల భారతదేశంలో పంటలు పోతాయి, పంటలు పోతే ఇక్కడివారు మాంచెస్టరు బట్టలు కొనలేరు, దాంతో లండనులో వ్యాపార సంక్షోభం వస్తుంది అన్నాడు. 1875లో అతడు మచ్చల చక్రం 11.11 ఏళ్లు అని తీసుకున్నాడు. సంక్షోభాలు మాత్రం సగటున పదిన్నర ఏళ్లకోసారి వస్తున్నాయి. 1878 నాటికి చక్రం 10.45 ఏళ్లు అనే మరొకరి అంచనాకు మారిపోయాడు. కాలు చెప్పుకు సరిపోకపోతే చెప్పు మార్చాలి గాని కాలు మార్చకూడదు కదా!

ఇక కాలం పెట్టిన పరీక్ష చూడండి. మన దేశమంతటా నైరుతి దారుణంగా విఫలమైన ఏళ్లలో 1877 కనిష్ఠానికి దగ్గర. 1899 గరిష్ఠానికీ కనిష్ఠానికీ నడుమ ఎక్కడో పడింది. 1918 నాటికి గరిష్ఠం దాటి ఏడాదే. 1972 మళ్లీ నడుమ. 1979, 2002 సరిగ్గా గరిష్ఠం దగ్గర. 1987, 2009 కనిష్ఠం దగ్గర. హంటర్‌ను ఊరించిన ఆ జతలు తరువాత నిలబడలేదు. ఆ మాటకొస్తే అరవై ఏళ్ల చక్రం కట్టి ‘ధాత వస్తే కరువు’ అని చెప్పడం ఇంకా సులువు. 1936లోనూ 1996లోనూ ధాత వచ్చింది, వెళ్లింది. ధాత కరువు మళ్లీ రాలేదు.

1904లో భారత వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ మచ్చలకూ వర్షపాతానికీ ఉన్న సహసంబంధాన్ని లెక్కకట్టి 1915లో ప్రకటించాడు. మన రుతుపవనాలను ముందుగా చెప్పడానికి అది పనికిరాదని గ్రహించి, ప్రపంచమంతటి పీడన లెక్కల్లో వెతికాడు. అక్కడ దొరికింది ‘దక్షిణ డోలనం’. పసిఫిక్ సముద్రంలోని ఎల్‌నినోతో దానికున్న బంధం 1960లలో తెలిసింది. 1877లో చాలా బలమైన ఎల్‌నినో ఉంది. కారణాన్ని వెతకవలసిన చోటు పసిఫిక్ సముద్రం అన్నమాట.

సూర్యుడి ప్రభావం అసలే లేదని నేను అనడం లేదు. 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న దాని ప్రకారం, మచ్చల చక్రంలో సూర్యుడి నుంచి వచ్చే మొత్తం శక్తి సుమారు వెయ్యింట ఒక వంతు మారుతుంది. విచిత్రమేమంటే మచ్చలు ఎక్కువగా ఉన్నప్పుడే శక్తి కాస్త ఎక్కువ. వాటి చుట్టూ ఏర్పడే ప్రకాశవంతమైన ప్రాంతాలు మచ్చల నలుపును మించిపోతాయి. ఇంత చిన్న మార్పు వాతావరణంలో ఏం చేస్తుందన్న పరిశోధన ఇంకా సాగుతోంది. మచ్చల చక్రం గట్టిగా తగిలేది మరో చోట. 1989 మార్చిలో సౌర తుపాను వల్ల కెనడాలోని క్విబెక్‌లో అరవై లక్షల మందికి గంటల తరబడి కరెంటు పోయింది. 2024 మే నెలలో లడఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది.

హంటర్‌కు న్యాయం చేయాలంటే ఒక మాట చెప్పాలి. కరువును ముందే పసిగట్టాలన్నదే ఆయన ఉద్దేశం. కానీ ఆ వాదన ఏ సమయంలో వచ్చిందో కూడా చూడాలి. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ సహాయపు పనుల్లో మగకూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ ఆరోగ్యాధికారి కార్నిష్ అది మనిషిని నిలబెట్టదని వాదించాడు. ఆ ఏళ్లలోనే ఇంగ్లండుకు గోధుమల ఎగుమతి ఆగలేదు. వాన పడకపోవడం ఒకటి, మనిషి ఆకలితో చావడం మరొకటి. ఈ రెంటి మధ్య ధర ఉంది, కూలి ఉంది, ప్రభుత్వం ఉంది. మచ్చల పట్టికలో వీటికి గడులు లేవు.

ఈ వాదం పుణ్యమా అని మిగిలింది కూడా ఉంది. సూర్యుణ్ణి చదివితే రుతుపవనాలు తెలుస్తాయన్న ఆశ కొడైకెనాల్ వేధశాల స్థాపనకు ఒక కారణం. 1899లో మొదలైన ఆ వేధశాల నుంచే ఎవర్‌షెడ్ మచ్చల్లో వాయువు బయటికి ప్రవహించడాన్ని 1909లో చూపించాడు. 1904 నుంచి అక్కడ తీసిన సూర్యుడి ఫొటోలు ఇప్పటికీ పరిశోధకులకు గని.

మచ్చల లెక్కలు బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని కేంద్రం, 1871 నుంచి మన దేశపు వాన లెక్కలు పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ అందరికీ అందిస్తున్నాయి. ఒక సెలవురోజు చాలు. స్ట్రాచీ చేసిన పరీక్షను ముందు పదకొండేళ్లతో చేయండి, తరువాత ఏడుతో, తొమ్మిదితో, పదమూడుతో చేసి, వచ్చిన తేడాలను పక్కపక్కన రాసి చూడండి.