తక్కువ బొమ్మలు, ఎక్కువ ఆట

1986లో జపాన్ పిల్లల ఇళ్ళలోకి ఒకే చిత్రకారుడి గీత మూడు నెలల తేడాతో రెండు దారుల్లో వచ్చింది. ఫిబ్రవరి 26న ‘డ్రాగన్ బాల్’ టీవీలో మొదలైంది. మే 27న ‘డ్రాగన్ క్వెస్ట్’ వీడియోగేమ్ అమ్మకానికి వచ్చింది. మొదటిది అకిరా తోరియామా బొమ్మల కథ ఆధారంగా తీసిన యానిమే. రెండోదానికి పాత్రల రూపాలు గీసిందీ ఆయనే. గేమ్‌ను రూపొందించిన యూజీ హోరీ ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికకు రాసేవారు. తోరియామా కథ వారం వారం అచ్చయ్యేదీ ఆ పత్రికలోనే. సాయంత్రం టీవీలో కథ చూసి, అది అయిపోగానే అదే టీవీకి ఆట యంత్రం తగిలించుకుని కూర్చున్న పిల్లవాడికి తానొక కళ వదిలి ఇంకో కళలోకి వెళ్ళానని అనిపించి ఉండదు.

యానిమే ఇష్టపడేవాళ్ళలో చాలామంది గేములు కూడా ఎందుకు ఆడతారని అడిగితే మామూలుగా వచ్చే జవాబులు కొన్ని ఉన్నాయి. రెండూ కుర్రకారు కాలక్షేపాలు, రెండూ జపాన్ సరుకు, రెండూ ఒకే ఫోన్‌లో దొరుకుతాయి. ఇవేవీ అబద్ధం కాదు. కానీ అసలు కారణం పనితనంలో ఉంది. ఈ రెండు కళలూ ఒకే రకం లేమిలో పెరిగాయి, ఆ లేమిని దాటడానికి ఒకే రకం ఉపాయాలు పట్టాయి. అందుకే ఒకదాన్ని చూడటం వచ్చినవాళ్ళకు రెండోది సగం వచ్చేసినట్టే.

సెకనుకు ఎనిమిది

సినిమా రీలు మీద సెకనుకు 24 ఫ్రేములు పరుగెడతాయి. ఫ్రేముకో బొమ్మ గీయాలంటే వారానికో అరగంట కథ ఇవ్వడం ఏ స్టూడియోకూ సాధ్యం కాదు. 1963 జనవరి 1న ‘ఆస్ట్రో బాయ్’ను టీవీలోకి తెచ్చిన ఒసాము తెజుకా, ఆయన ముషి ప్రొడక్షన్ ఈ చిక్కుకు పొదుపుతో జవాబు చెప్పారు. ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు ఎనిమిది బొమ్మలు చాలు. పాత్ర మాట్లాడేటప్పుడు నోరు ఒక్కటే కదులుతుంది. కదలని బొమ్మను కెమెరా కింద పక్కకు జరిపితే అది నడకలా కనిపిస్తుంది. ఒకసారి గీసిన ఎగిరే సన్నివేశాన్ని దాచిపెట్టి మరో వారం మళ్ళీ వాడుకుంటారు.

దీన్ని నాసిరకం పని అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ కదలిక తగ్గినచోట చిత్రకారుడు తన బలమంతా భంగిమ మీద పెట్టాల్సి వచ్చింది. నీడ మాత్రమే కనిపించినా ఫలానా పాత్ర అని పోల్చుకోగలిగే జుట్టు, భావం మొత్తం మోయగలిగే కళ్ళు, దెబ్బ కొట్టేముందు బిగుసుకునే ఒళ్ళు అలా పుట్టినవే. మన తోలుబొమ్మలాట చూసినవారికి ఈ కిటుకు కొత్తేమీ కాదు. రావణుడి మొహం కదలదు. ఒక చెయ్యి ఊగుతుంది, వెనక గొంతు లేస్తుంది, మద్దెల మోగుతుంది. ఆయనకు కోపం వచ్చిందని తెర ముందున్న వాళ్ళందరికీ అర్థమవుతుంది. మిగతా కదలికను చూసేవాడే పూరించుకుంటాడు.

ఈ పొదుపు వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఆ రోజుల్లో మెయిజీ కంపెనీ చాక్లెట్లతో ఆస్ట్రో బాయ్ స్టిక్కర్లు ఇచ్చింది. టీవీలో కూడా ఆ పాత్ర ఎక్కువసేపు నిలిచిన భంగిమలోనే ఉండేది కాబట్టి, అంటించుకున్న బొమ్మ వేరే ఎవరోలా అనిపించలేదు. టీవీ యానిమే పాత్ర తెర దిగి బయట తిరగడం అలా మొదలైంది. వీడియోగేమ్ వచ్చేనాటికి అలా తిరగడానికి అలవాటుపడ్డ పాత్రలు సిద్ధంగా ఉన్నాయి.

మూడు రంగుల్లో ఒక పాత్ర

గేములు తయారుచేసేవాళ్ళ లేమి ఇంకా కఠినం. 1983లో వచ్చిన నింటెండో ఫామికామ్ ఆట యంత్రంలో కదిలే బొమ్మలను ఎనిమిది చుక్కల వెడల్పు ముక్కలతో పేర్చాలి. ఒక్కో ముక్కకు మూడు రంగులే. అంతకుముందు 1981 నాటి ‘డాంకీ కాంగ్’లో షిగెరు మియామోటో తన వడ్రంగి పాత్రకు టోపీ పెట్టింది జుట్టు గీసే బాధ తప్పించుకోవడానికి. మీసం పెట్టింది అంత చిన్న మొహంలో నోరు గీయడం కుదరక. మారియో అలా తయారయ్యాడు.

‘డ్రాగన్ క్వెస్ట్’లో మొట్టమొదట ఎదురయ్యే శత్రువు స్లైమ్. హోరీ బంకముద్దలాంటి జీవిని ఊహించి ఇస్తే, తోరియామా దాన్ని నీలిరంగు నీటిబొట్టుగా మార్చి రెండు గుండ్రటి కళ్ళు, వెడల్పాటి నవ్వు పెట్టారు. నాలుగు గీతల్లో అయిపోయే ఆ బొమ్మ పదుల కొద్దీ భాగాల్లో ఈనాటికీ ఉంది. ఆ మొదటి గేములో యుద్ధం ఎలా సాగుతుందో చూడండి. శత్రువు ఎదురుగా నిలబడి ఉంటాడు, అసలు కదలడు. కింద పెట్టెలో అక్షరాలు ఒకటొకటిగా వచ్చి ఎవరు ఎవరిని కొట్టారో, ఎంత బలం పోయిందో చెబుతాయి. దెబ్బ తగిలితే బొమ్మ మిణుకుమంటుంది. అంతకుమించి ఏమీ లేదు. ఎనిమిది బొమ్మల సెకనుకు అలవాటుపడ్డ కళ్ళకు, బొమ్మల కథ చదివి చదివి రెండు గడుల మధ్య జరిగింది తమంతట తామే ఊహించుకునే పిల్లలకు అది చాలు.

నిలిచిన బొమ్మ, దాని కింద మాటల పెట్టె కలిసి తర్వాత విజువల్ నావెల్ అనే ప్రత్యేక శాఖగా ఎదిగాయి. వెనక ఒక దృశ్యం, ముందు నిలబడ్డ పాత్ర, దానికి నాలుగైదు ముఖకవళికలు, చాలావాటిలో నటుల గొంతు, మధ్యమధ్య ఆటగాడు తీసుకోవాల్సిన నిర్ణయం. 2004 నాటి ‘ఫేట్/స్టే నైట్’, 2009 నాటి ‘స్టైన్స్;గేట్’ ఈ కోవలోవే. రెండూ తర్వాత యానిమేలుగా పేరు తెచ్చుకున్నాయి. ‘స్టైన్స్;గేట్’లో కథానాయకుడు గతంలోకి ఫోన్ సందేశాలు పంపి కాలాన్ని మారుస్తాడు. గేములో మన నిర్ణయాలూ ఫోన్ ద్వారానే: వచ్చిన సందేశానికి జవాబివ్వాలా, ఊరుకోవాలా? స్నేహితురాలిని కాపాడుకోవడానికి అతడు మళ్ళీ మళ్ళీ వెనక్కి వెళ్తాడు. మంచి ముగింపు కోసం మనమూ వెనక్కి వెళ్ళి వేరే దారి పట్టాలి. యానిమేలో అతడి అలసటను చూస్తాం. గేములో ఆ అలసట మనకూ వస్తుంది. ఒకే కథ రెండుచోట్లా పండడానికి కారణం ఇదే: ఒకటి చూపించినదాన్ని ఇంకొకటి చేయించింది.

దెబ్బ పడిన క్షణం

ఫైటింగ్ గేములో దెబ్బ తగలగానే ఇద్దరు యోధులూ లిప్తపాటు బిగుసుకుపోతారు, తర్వాతే ఒకడు ఎగిరి పడతాడు. కదలికను ఆపితేనే బలం తెలుస్తుంది. యానిమే యుద్ధ సన్నివేశాల్లో గుద్దు తగిలినచోట బొమ్మ నిలిచిపోవడం, ఒకటి రెండు ఫ్రేములు తెల్లబడటం సరిగ్గా ఇదే పని చేస్తాయి.

యంత్రాల శక్తి పెరిగాక ఈ ఉపాయాల అవసరం తీరిపోయి ఉండాల్సింది. తీరలేదనడానికి 2014 నాటి ‘గిల్టీ గియర్ ఎగ్జర్డ్’ సాక్ష్యం. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ చేసిన ఈ గేము చూస్తే చేత్తో గీసిన యానిమేలా ఉంటుంది, కానీ అందులోని పాత్రలన్నీ త్రీడీ నమూనాలు. దాని వెనకున్న పనిని ఆ సంస్థకు చెందిన జూన్యా మోటోమురా 2015లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన గేమ్ డెవలపర్ల సమావేశంలో వివరించారు. రెండు భంగిమలిస్తే మధ్య కదలికను కంప్యూటర్ నున్నగా నింపగలదు. వీళ్ళు ఆ నింపుడును తీసేశారు. తెర సెకనుకు 60 సార్లు మారుతున్నా ఒక్కో భంగిమను రెండు మూడు ఫ్రేములు కదలకుండా నిలిపారు. చెయ్యి కెమెరా వైపు దూసుకొస్తే ఆ పిడికిలిని నమూనాలోనే పెద్దది చేశారు, చిత్రకారుడు కాగితం మీద అతిశయోక్తిగా గీసినట్టు. ప్రతి పాత్రకూ వెలుగును విడిగా పెట్టి, నీడ మొహం మీద వికారంగా పడకుండా భంగిమను బట్టి సర్దారు. కంప్యూటర్ ఉచితంగా ఇచ్చే నునుపును కష్టపడి వదిలించుకున్నారన్నమాట. తెజుకా కాలంలో డబ్బులేక చేసినదాన్ని వీళ్ళు శైలిగా ఎంచుకుని చేశారు.

ఆ సంస్థే 2018లో ‘డ్రాగన్ బాల్ ఫైటర్జీ’ చేసింది. నామెక్ గ్రహం వేదికగా కథానాయకుడు గోకూ, అతడి శత్రువు ఫ్రీజా తలపడినప్పుడు చివరి దెబ్బ సరైన రీతిలో పడితే, టీవీ కథలో వాళ్ళిద్దరి పోరు ముగిసిన ఘట్టం అదే కోణాల్లో తెర మీదికొస్తుంది. దీని గురించి గేము ఎక్కడా ఊదరగొట్టదు. కథ తెలిసినవాడు తెలిసిన జతను ఎంచుకుంటేనే దొరుకుతుంది. 1986 నుంచి గోకూకు గొంతునిస్తున్న మసాకో నొజావా జపనీస్ ఆడియోలో ఇక్కడా వినిపిస్తారు. అభిమాని పోగేసుకున్న జ్ఞాపకానికి గేము ఇచ్చే గౌరవం ఇది.

పికాచు రాకపోకలు

ప్రయాణం ఎప్పుడూ కథ నుంచి ఆటకే జరగలేదు. చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకున్న సరదాలోంచి సతోషి తజిరి ‘పోకెమాన్’ గేమును ఊహించారు. అది 1996 ఫిబ్రవరిలో గేమ్ బాయ్ అనే చేతి యంత్రం మీద రెడ్, గ్రీన్ అని రెండు రూపాల్లో వచ్చింది. ఒకదాంట్లో దొరికే కొన్ని జీవులు రెండోదాంట్లో దొరకవు. మొత్తం కూడబెట్టాలంటే స్నేహితుడి యంత్రానికి తీగ కలిపి ఇచ్చిపుచ్చుకోవాల్సిందే.

1997 ఏప్రిల్‌లో యానిమే వచ్చింది. గేములో పికాచు చాలా జీవుల్లో ఒకటి. టీవీలో అది హీరో భుజమెక్కింది, ఇకూయె ఓతానీ గొంతుతో తన పేరునే నానా భావాలతో పలికింది, జీవులను పట్టి ఉంచే బంతిలో దూరనని మొండికేసింది. 1998లో వచ్చిన ‘పోకెమాన్ యెల్లో’ గేము ఆ ముద్దునంతా వెనక్కి తెచ్చుకుంది. పికాచు మన వెనకే నడుస్తుంది, ఓతానీ గొంతుతో పలుకుతుంది, వెనక్కి తిరిగి పలకరిస్తే దాని మొహంలో అప్పటి మనసు కనిపిస్తుంది. పిడుగురాయి ఇచ్చి రూపం మార్చబోతే, టీవీలోలాగే ఒప్పుకోదు. గేము లోకాన్నిచ్చింది, యానిమే స్వభావాన్నిచ్చింది, మళ్ళీ గేము ఆ స్వభావాన్ని నియమంగా మార్చింది. కథను అక్షరం పొల్లుపోకుండా తిరగజెప్పే నాసిరకం గేములు చతికిలబడేది ఈ మూడో మెట్టు దగ్గరే. చూసిందే మళ్ళీ చూపిస్తే అభిమానికి చేతులతో పనేముంది?

ఈ శతాబ్దంలో గేము నియమాలే కథావస్తువయ్యాయి. 2012 నాటి ‘సోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’లో ఆటగాళ్ళు గేములో చిక్కుకుపోతారు. కొరియా వెబ్ నవల నుంచి 2024లో యానిమేగా వచ్చిన ‘సోలో లెవెలింగ్’లో హీరో కళ్ళ ముందు నీలి పెట్టె తెరుచుకుని అతడి బలాన్ని అంకెల్లో చూపిస్తుంది. పట్టుదలగా సాధన చేసి మెట్టు మెట్టుగా ఎదిగే వీరుడు యానిమేకు పాత చుట్టమే. గేములు ఆ ఎదుగుదలకు లెక్క ఇచ్చాయి. గేము ఆడినవాడు ఆ పెట్టెను చటుక్కున చదివేస్తాడు. ఆడనివాడు నాలుగు ఎపిసోడ్లలో నేర్చుకుంటాడు. ఆ తర్వాత గేము పట్టుకుంటే అతడికి అన్నీ తెలిసిన సంగతులే.

ప్రేమకు ధర కడితే

ఈ అనుబంధానికి చీకటి కోణం కూడా ఉంది. పాత్ర మీది మమకారాన్ని లాటరీగా మార్చిన ఫోన్ గేములు అనేకం. డబ్బు కడితే ఏదో ఒక పాత్ర వస్తుంది, కోరుకున్నది వస్తుందన్న హామీ లేదు. ఇలా గెలుచుకున్నవాటిలో ఫలానా సెట్టు పూర్తిచేస్తేనే అసలు బహుమతి అనే పద్ధతి చట్టవిరుద్ధమని 2012లో జపాన్ ప్రభుత్వమే తేల్చింది. మామూలు లాటరీ మాత్రం సాగుతూనే ఉంది. 2015 నాటి ‘ఫేట్/గ్రాండ్ ఆర్డర్’, 2020లో చైనా నుంచి యానిమే శైలిలో వచ్చిన ‘గెన్షిన్ ఇంపాక్ట్’ ఈ పునాది మీదే నిలిచాయి. వాటిలో చిత్రకళ, సంగీతం గొప్పవే. అయినా కుర్రవాడి ఫోన్‌కు ఇంట్లోవాళ్ళ బ్యాంకు కార్డు జతపడి ఉంటే ఆ సంగతి పెద్దవాళ్ళకు తెలిసి ఉండాలి. నిలిచిన బొమ్మ మీద మనసు పారేసుకునేలా చేయడం యానిమే సంప్రదాయపు నేర్పు. ఆ నేర్పుతో జేబు ఖాళీ చేయించడమూ అంతే తేలిక.

మన దాకా వచ్చేసరికి

కార్టూన్ నెట్‌వర్క్‌లో ‘డ్రాగన్ బాల్ జీ’, ‘పోకెమాన్’ చూస్తూ పెరిగిన తరం మన దగ్గర ఇప్పుడు ఉద్యోగాల్లో ఉంది. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాసిల్’ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. అయితే ఆ సినిమా చూసి, అవే పాత్రలతో ఫుకువోకాకు చెందిన సైబర్‌కనెక్ట్2 చేసిన గేము కొనుక్కున్నవాడికి అందులో తెలుగు దొరకదు. కథ మన భాషలో విని, ఆట ఇంగ్లిషులో ఆడాలి. మాటల పెట్టెల మీదే నడిచే విజువల్ నావెల్ లాంటివి మన పిల్లల్లో చాలామందికి అందకపోవడానికి ఇదొక కారణం.

హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుంచి అందిస్తున్న ‘ఛోటా భీమ్’ స్కూలు సంచుల మీదికీ, ఫోన్ గేముల్లోకీ వెళ్ళాడు. పాత్ర తెర దిగడం మనకూ చేతనవుననడానికి అది రుజువు. కానీ సంచి మీది బొమ్మ వేరు, చేతికి పని చెప్పే ఆట వేరు. భీముడు లడ్డూ తింటే బలం వస్తుందని దేశంలో ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆ ఒక్క వాక్యంలో గేము నియమం రెడీగా ఉంది: లడ్డూ ఎప్పుడు తినాలి, ఇప్పుడే తినేస్తే ముందు రాబోయే గండానికి ఏం మిగులుతుంది, పక్కవాడికి ఇచ్చేస్తే ఏమవుతుంది? భీముడి బొమ్మ పెట్టిన పరుగు పందెం కంటే ఈ ప్రశ్నల చుట్టూ అల్లిన చిన్న ఆట అతణ్ణి పిల్లలకు దగ్గర చేస్తుంది. జపాన్‌లో మూడు రంగులతో, ఎనిమిది బొమ్మలతో పనిచేసినవాళ్ళు సాధించింది అదే. దానికి కావలసింది పెద్ద బడ్జెట్ కాదు, పాత్ర స్వభావం ఏమిటో తెలిసి దాన్ని ఆడేవాడి వేళ్ళకు అప్పగించగల తెగువ.