ఎముక పొడి తీసే చేతులు

తెలంగాణలో పినపాక దగ్గర జానంపేట అడవిలో రాక్షసగుళ్లు, అంటే రాతిపలకలతో కట్టిన పాతకాలపు సమాధులు, గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంతంత రాతిపలకలెత్తి తమవాళ్లను దాచుకున్న ఆ మనుషులెవరు? ఈనాటి వాళ్లలో ఎవరికి పూర్వీకులు?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పనిలో నాకు అందరికన్నా గొప్పగా కనిపించేది ప్రయోగశాలలో డీఎన్ఏ కోసం పాత ఎముకల పొడి తీసే మనిషి. ఒంటినిండా ముసుగు, చేతికి రెండు జతల తొడుగులు. బల్లను బ్లీచుతో తుడవాలి, అతినీలలోహిత కాంతి పెట్టాలి. ఊపిరి తగిలినా సొంత డీఎన్ఏ కలిసిపోతుంది. లోపలి చెవిని కాపాడే గట్టి ఎముకలో సన్నగా తొలిచి, చిటికెడు పొడి తీస్తారు. చాలాసార్లు అందులో ఏమీ దొరకదు. మన ఎండ, తేమ డీఎన్ఏను ముక్కలు చేసేస్తాయి. హరియాణాలోని హరప్పా నాగరికత స్థలం రాఖీగఢీలో 61 నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ జన్యుక్రమమే చదవగలిగారు. అది 2019లో వెలువడింది. మిగతా అరవై కోసం పడ్డ శ్రమ కూడా శాస్త్రమే అంటాను.

బతికున్నవారి డీఎన్ఏ కొంత చెప్పింది. 2003లో కోయలు, చెంచులపై వచ్చిన అధ్యయనం, గిరిజనులూ కులాలవారూ చాలావరకు ఒకే ప్రాచీన వారసత్వాన్ని పంచుకుంటున్నారని చూపింది. ఎంత మంచి మాట!

కానీ రాక్షసగుళ్లను నిధుల ఆశతో తవ్వేస్తున్నారు. అక్కడ ఎముక కనిపిస్తే వట్టి చేత్తో తాకొద్దు, కడగొద్దు. పురావస్తు శాఖకు కబురు పెట్టండి.