పదునంతా తోలులోనే

తెలుగులో ‘పదును’ అనే మాట మూడు చోట్ల పనిచేస్తుంది. కత్తి అంచుకు పదును ఉంటుంది. వాన వెలిశాక నాగలి దిగడానికి అనువుగా ఉన్న నేల తడిని రైతు పదును అంటాడు. పచ్చి చర్మాన్ని లందలో నానవేసి తోలుగా మార్చడాన్ని పదును చేయడం అంటారు. కత్తి ఒర మీద నగిషీ పెట్టే పనికి ఈ మూడు పదునులూ కావాలి. ఇవి కుదిరితే పనిముట్లు ఎన్ని ఉన్నాయన్నది పెద్ద లెక్కలోకి రాదు. అయినా ఈ పనికి కొత్తగా దిగేవాళ్లు ముందు కొనేది పనిముట్ల పెట్టెనే: యాభై రకాల ముద్రలు, వేలి కింద తిరిగే గాటుకత్తి, ఒక్కో ఆకుకూ ఒక్కో అచ్చు. అవి చెడ్డవని అనను. కానీ జానెడు ఒరకు ఒక మొద్దు మొన, ఒక సన్న కత్తి, తల అరగదీసిన రెండు మూడు మేకులు చాలు. బొమ్మ నిలుస్తుందా చెరిగిపోతుందా అన్నది తోలు తేలుస్తుంది.

ఇందుకు మంచి సాక్ష్యం లండన్‌లో ఉంది. థేమ్స్ నది ఒడ్డున పాత రేవుల తవ్వకాల్లో బయటపడ్డ కత్తులనూ ఒరలనూ వివరిస్తూ 1987లో అక్కడి మ్యూజియం తరఫున ఒక పుస్తకం వచ్చింది. అవి సుమారు 1150కీ 1450కీ మధ్య కాలానివి. యార్క్ నగరంలో కాపర్‌గేట్ అనే వీధిలో 1976–81 మధ్య జరిగిన తవ్వకాలు అంతకంటే పాతవాటిని, వైకింగుల నాటి తోలు సామాన్లను బయటపెట్టాయి. గాలి చొరబడని తడి మట్టి వాటిని కాపాడింది. ఆ రోజుల్లో భోజనానికి ఎవరి కత్తి వాళ్లే తెచ్చుకునేవారు, ఫోర్కు వాడకం ఇంకా రాలేదు. కత్తి బయటికి వచ్చేది తినేటప్పుడే, ఒర మాత్రం రోజంతా నడుమున కనిపించేది. అందుకే ఓపికంతా ఒర మీదే పెట్టారు. లండన్ ఒరలకు ఒకే తోలు ముక్కను మడిచి వెనకవైపు కుట్టేవారు. పిడికి ఒక గడి, అలుగుకు ఒక గడి గీసి, వాటి నిండా ఆకులు, జంతువులు, కులీన వంశాల డాలు చిహ్నాలు వేసేవారు. ముందువైపు ఇంత వైభవం ఉన్న ఒరకు వెనక చాలాసార్లు కొన్ని గీతలే ఉంటాయి. పనివాడికి గిట్టుబాటు తెలుసన్నమాట. అన్నట్టు, ఆ డాలు చిహ్నాలు ఉన్నంత మాత్రాన ఒర సొంతదారు ఆ వంశంవాడని కాదు, చాలావరకు అది ఫ్యాషనే. దగ్గరగా చూస్తే అంత అలంకారం వెనకా కనిపించే గుర్తులు మూడు నాలుగు రకాలే: మొద్దు మొనతో నొక్కిన గీత, కత్తితో పెట్టిన గాటు, పదేపదే కొట్టిన ఒక చిన్న ముద్ర, అక్కడక్కడా ఉబ్బెత్తు చేసిన భాగం.

పని ఎలా జరుగుతుందో చూస్తే ఇంత తక్కువ సరంజామా ఎందుకు సరిపోతుందో తెలుస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న తోలును తడిగుడ్డతో పైవైపు సమంగా తడుపుతారు. తోలు ముదురు రంగుకు మారుతుంది. వెంటనే గీత పెడితే బురదలో వేలు పెట్టినట్టు జారిపోతుంది. కాసేపు ఆగాలి. పైన అసలు రంగు తిరిగి రావడం మొదలై, చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. విత్తనానికి నేల పదునైనట్టు, గీతకు తోలు పదునైన సమయం అదే. అప్పుడు మొద్దు మొనతో నొక్కితే పీచులు తెగకుండా కిందికి అణిగి, ఆరాక అలాగే బిగుసుకుపోతాయి. గాటు పెట్టాలంటే మందంలో మూడోవంతు మించకూడదు, మించితే మడత దగ్గర తోలు చిట్లుతుంది. గాటుకు ఒక పక్కన మాత్రం నునుపైన కొసతో నొక్కుకుంటూ పోతే రెండో పక్క పైకి లేచినట్టు కనబడుతుంది. ఆకు ఆకులా, జింక జింకలా లేచి నిలిచేది ఈ ఒక్క కిటుకు వల్లే. ఇక మేకు. దాని తలను ఆకురాయితో చదును చేసి, నాలుగు గాళ్లు కోసి, అంచులను గరుకు కాగితంతో గుండ్రంగా తీయాలి. అంచు వాడిగా మిగిలితే ముద్ర పడేచోట తోలు తెగిపోతుంది. కింద బండరాయి, పైన కర్ర గూటం, ఒక్కో ముద్రకు ఒకే దెబ్బ. రెండో దెబ్బకు అచ్చు కదిలి నీడ పడుతుంది. ఆరబెట్టేది నీడలోనే, ఎండలో పెడితే తోలు బిర్రబిగుసుకుని పగులుతుంది.

మొద్దు మొన దేనితో చేసుకోవాలన్నది ఇంకో ముచ్చట. ఎముక, కొమ్ము, గట్టి కర్ర చూస్తే పేదవాడి పనిముట్లలా కనిపిస్తాయి. ఇనుము దొరక్క ఎముక వాడారనుకోవడం తేలిక. కానీ చెట్టు బెరడుతో పదును చేసిన తోలులో టానిన్ ఉంటుంది, తడి తోలుకు ఇనుము తగిలిందంటే అక్కడ నల్లటి మచ్చ పడుతుంది, అది తేలిగ్గా పోదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో నల్ల గీత తీస్తారే, అదే రసాయనం ఇక్కడ మచ్చగా మారుతుంది. అందువల్ల ఇనుము వాడేవాళ్లు మొనను మెరిసేలా తుడుచుకుంటూ ఉండాలి, లేదా ఇత్తడికో ఎముకకో మారాలి. కొయ్యకు రుద్ది నునుపు చేసిన ఎముక ముక్క గీత గీస్తుంది, అంచులకు మెరుగు పెడుతుంది, కుట్టు దారిని అణచుతుంది. మూడు పనులు చేసే ఈ ఎముక ముక్క పనిముట్ల పెట్టెలో సగాన్ని పక్కన పెట్టేయగలదు.

అన్ని తోళ్లూ ఇలా మాట వినవు. అమెరికాలో అగస్టస్ షుల్ట్జ్ 1884లో పేటెంటు తీసుకున్న దారిలో క్రోమియం లవణాలతో పదును చేయడం పెరిగింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో సింహభాగం అదే. మెత్తన, నీళ్లకు తట్టుకుంటుంది, త్వరగా తయారవుతుంది. నొక్కితే మాత్రం రబ్బరులా వెనక్కి వస్తుంది. బొమ్మ నిలవాలంటే బెరడు తోలే కావాలి. ఆ బెరడు మనకు కొత్తదేం కాదు. బతుకమ్మలో పేర్చే తంగేడు చెట్టు బెరడుతోనే దక్షిణ భారతంలో తోళ్లు పదును చేసేవారు. అలా సగం తయారైన మద్రాసు తోళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి ఇంగ్లండుకు వెళ్లేవి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లకు మాత్రం దారి వేరు. వెలుగు దూరాలి కాబట్టి మేక చర్మాన్ని బెరడులో వేయకుండా పలచగా చేసుకుంటారు. అందుకే అక్కడ నొక్కుడు గీత లేదు, ఉలులతో తీసిన చిల్లుల నగిషీ ఉంది. తోలు ఎలాంటిదో అలంకారమూ అలాంటిదే. ఆరె, రంపె, గూటం లాంటి తోలుపని సాధనాలు పట్టిన చేతులకు ఇదంతా తరాల నుంచి తెలుసు. పదును అన్న మాటను కత్తికీ పొలానికీ గౌరవంగా వాడుకుని, లంద దగ్గర నిలబడ్డ మనిషిని ఊరి చివర ఉంచాం. వాళ్ల పనిని కళ అని పిలవడానికి మనకు ఇంత కాలం పట్టడం సిగ్గుపడాల్సిన విషయం.

కొద్దిపాటి పనిముట్లతో వచ్చేది మోటు పనే అని ఒక అభ్యంతరం ఉంది. అమెరికాలో జీను చేసేవాళ్లు పదుల కొద్దీ ముద్రలతో తీసే పూలతీగలు చూసినవాళ్లు ఆ మాట అంటే తప్పుపట్టలేం. అయితే జీను వెడల్పు వేరు, ఒర వెడల్పు వేరు. రెండంగుళాల పట్టీ మీద ఇరవై రకాల ముద్రలు వేస్తే కంటికి నిలకడ దొరకదు. ఒకే ముద్రను లెక్కగా పేర్చినప్పుడే అంత చిన్నచోట లయ వస్తుంది. యంత్రంతో అచ్చు నొక్కితే నిమిషంలో అయ్యే పనికి గంటలెందుకని ఇంకొకరు అడుగుతారు. వందల ఒరలు ఒకేలా కావాలంటే యంత్రమే సరి, అందులో వాదన లేదు. లేజరు సంగతి అలా కాదు. అది పీచును అణచదు, కాల్చి గాడి చేస్తుంది. ఎత్తుపల్లాల నీడ రాదు, మసి గీత వస్తుంది. అసలు నగిషీ వల్ల కత్తికి ఏం లాభం అనేవారూ ఉన్నారు. ఏమీ లేదు. లోతు గాట్లు పెడితే నష్టం కూడా. పైగా తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఉక్కు కత్తిని నెలల తరబడి ఒరలోనే ఉంచితే తుప్పు పడుతుంది, ఎంత అందమైన ఒరైనా సరే. నగిషీని లాభంతో సమర్థించాల్సిన పని లేదు. పళ్లెం అంచుకు గీత ఎందుకని ఎవరూ అడగరు.

మొదలుపెట్టాలనుకుంటే డబ్బు తోలు మీద పెట్టండి. దుకాణంలో ముక్క కోసిన అంచును వెలుగులో చూడండి. మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్ తోలు, వదిలేయండి. లోపలిదాకా గోధుమ రంగు ఉంటే, ఒక మూల తడిపి గోటితో నొక్కి చూడండి. గుర్తు నిలిస్తే కొనండి. మేకులు ఇంట్లో ఉండే ఉంటాయి.