గడ్డ చుట్టూ మిగిలింది

అండం ఎదుగుదల చూసే స్కాన్‌కు, అంటే ఫాలిక్యులర్ స్టడీకి వచ్చినవాళ్లు బల్ల ఎక్కుతూనే అడిగేది ఒకటే: "గుడ్డు సైజు ఎంతొచ్చింది మేడమ్?" 18, 20 మిల్లీమీటర్లంటే ఇంటికి ఫోన్లు వెళ్లిపోతాయి. నేను కొలిచేది గుడ్డును కాదు, అది పెరిగే నీటి బుడగను, అంటే ఫాలికిల్‌ను. గుడ్డు మిల్లీమీటరులో పదోవంతే ఉంటుంది, స్కాన్‌కు దొరకదు. చెప్పబోతే వినే ఓపిక ఆ నిమిషంలో ఎవరికీ ఉండదు.

అండాశయంలో చాక్లెట్ సిస్ట్ అనే గడ్డ కనబడిందంటే మాత్రం అందరి చూపూ దానిమీదికే పోతుంది. తెరమీద అది గరుకు అద్దంలోంచి చూసినట్టు మసగ్గా, ఒకే తీరున కనిపిస్తుంది. లోపలున్నది నెలల తరబడి నిలిచిపోయిన రక్తం. ఈ గడ్డలకూ, గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌కూ ఉన్న చుట్టరికాన్ని అమెరికన్ వైద్యుడు జాన్ శాంప్సన్ 1921లోనే రాశాడు.

నా గుబులు గడ్డ సైజు గురించి కాదు. పుట్టుకతో వచ్చిన అండాల నిల్వంతా అండాశయం పైపొరలోనే ఉంటుంది. గడ్డ ఆ పొరను సాగదీస్తూ, దానికే అతుక్కుని పెరుగుతుంది. పాత రక్తంలోని ఇనుము పక్క కణాలను దెబ్బతీస్తుంది, పొర గట్టిపడుతుంది. నిద్రపోవాల్సిన ఫాలికిల్స్ వేళకాని వేళ మేల్కొని, ఎదగకుండానే అయిపోతాయని కూడా పరిశోధకులు అనుకుంటున్నారు.

"అయితే తీయించేస్తే పోలా డాక్టరమ్మా?" అంటారు తోడొచ్చిన అత్తగారు. అంత తేలిక కాదమ్మా. గడ్డ గోడను ఒలిచేటప్పుడు మంచి పొర కూడా కొంత ఊడివస్తుంది, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోన్ పడిపోతుంది. రెండువైపులా తీస్తే మరీనూ. ఐవీఎఫ్‌కు ముందు అలవాటుగా ఈ ఆపరేషన్ చేయొద్దని యూరప్ సంతాన వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. భరించలేని నొప్పి ఉన్నా, గడ్డ తీరు అనుమానంగా ఉన్నా సంగతి వేరు. గడ్డ ఉండగానే తల్లులైనవాళ్లూ బోలెడుమంది.

అందుకే నెలసరి రెండో రోజో మూడో రోజో పిలిచి చిన్న ఫాలికిల్స్ లెక్కపెడతాను. 2 నుంచి 10 మిల్లీమీటర్లలోపువి. గడ్డ అంచున నొక్కుకుపోయి దాక్కుంటాయి. అండాశయం గర్భసంచి వెనక అతుక్కుపోయి కదలనంటుంది. ఎడమచేత్తో పొత్తికడుపు మెల్లగా నొక్కుతూ, బల్లమీదున్నామె మొహం చూస్తూ ప్రోబ్ తిప్పాలి. ఇక్కడ తొందర పనికిరాదు, నొప్పితో ఒంటిని బిగబట్టిందంటే లెక్క చెడుతుంది.

రిపోర్టులో ఆ లెక్కే మొదట రాస్తాను, సిస్ట్ కొలత తర్వాత. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే ఆ కాగితమూ ఏఎంహెచ్ ఫలితమూ సర్జన్ ముందు పెట్టమని చెప్పి పంపుతాను.