ప్రాణం మోసే కుట్టు

మంచం పట్టిన మనిషిని లేపి వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టడం మన ఇళ్లలో ఇప్పటికీ ఒంటి బలంతో జరిగే పనే. ఒకరు చంకల కింద చేతులు వేస్తారు, ఇంకొకరు మోకాళ్ల కింద పట్టుకుంటారు, ఊపిరి బిగబట్టి ఎత్తేస్తారు. పక్షవాతంతో పట్టు తప్పిన భుజం ఆ లాగుడుకు కీలు జారవచ్చు. పరుపు మీద ఈడిస్తే చర్మం ఒరుసుకుపోయి పడకపుండుకు దారితీస్తుంది. ఎత్తేవారి నడుము సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ తిప్పలు తప్పించడానికి వచ్చిందే పేషెంట్ లిఫ్ట్. దాని కొక్కేలకు తగిలించి మనిషిని మోసే గుడ్డ పేరు స్లింగ్. చూసేవాళ్ల కళ్లు ముందు ఇనుము మీదికే పోతాయి గానీ, అసలు పనితనమంతా ఆ గుడ్డలోనే ఉందని నా నమ్మకం.

ఇనుము సంగతి జహీరాబాద్ వాళ్లకు కొత్త కాదు. మహీంద్రా ట్రాక్టర్లు తయారయ్యే ఊరు. ట్రాక్టరు వెనక నాగలిని ఎత్తేదీ, ఈ లిఫ్ట్ చేతిని లేపేదీ నూనె ఒత్తిడే. హ్యాండిల్ కొడితే నూనె సిలిండర్‌లో చేరి పిస్టన్‌ను నెడుతుంది, మర వదులు చేస్తే చెయ్యి మెల్లగా దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అమెరికాలోని ఆష్‌కాష్ పట్టణానికి చెందిన టెడ్ హోయర్ ఇలాంటి లిఫ్ట్ తయారుచేశాడు. కారు ప్రమాదంలో కాళ్లూ చేతులూ చచ్చుబడిన మనిషి ఆయన. ఎత్తించుకోవడంలోని కష్టం తెలిసినవాడే చేశాడు కాబట్టి, అక్కడ చాలామంది ఈ పరికరాన్ని నేటికీ హోయర్ లిఫ్ట్ అనే పిలుస్తారు.

ఇక గుడ్డ దగ్గరికి వద్దాం. మంచి స్లింగును నేల మీద పరిస్తే వీపుకు వెడల్పాటి భాగం, దాని కింద రెండు కాళ్ల పట్టీలు కనిపిస్తాయి. బట్ట పాలిస్టర్. స్నానానికి వాడేదైతే నీళ్లు కారిపోయేలా వల అల్లిక. తొడల కింద ఒత్తుకునే అంచుల్లో మెత్త పెట్టి కుడతారు. పట్టీ గుడ్డను కలిసే చోట వేలితో తడిమి చూడండి. చిన్న చతురస్రం, దాని లోపల మూల నుంచి మూలకు అడ్డంగా రెండు గీతలు. స్కూలు సంచి పట్టీ మొదట్లో కనిపించే కుట్టే ఇది, కాకపోతే ఇక్కడ ఒక మనిషి బరువును మోస్తుంది. లాగుడు ఒక్క వరస దారం మీద పడకుండా చతురస్రమంతా పంచుకుంటుంది. కొన్నిటిలో దారం రంగు పట్టీ రంగుకు భిన్నంగా ఉంటుంది. ఒక్క పోగు తెగినా కంటికి ఆనుతుంది. ఆ ఆలోచన చేసినవారికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పట్టీల కొసలకు రంగురంగుల ఉచ్చులు వరసగా ఉంటాయి. అందానికి కాదు. భుజాల దగ్గర పొట్టి ఉచ్చు, కాళ్ల దగ్గర పొడుగు ఉచ్చు తగిలిస్తే మనిషి నిటారుగా లేస్తాడు. భుజాల వైపు పొడుగుది వేస్తే వెనక్కి వాలతాడు. కుడివైపు ఏ రంగో ఎడమవైపూ అదే రంగు ఉండాలి, లేకుంటే మనిషి పక్కకు ఒరుగుతాడు. కంపెనీని బట్టి రంగుల లెక్క మారుతుంది కాబట్టి, ఒకదాని అలవాటుతో ఇంకోదాన్ని వాడకూడదు. ఒక కంపెనీ స్లింగును మరో కంపెనీ లిఫ్టుకు తగిలించే ముందు రెండూ కలుస్తాయో లేదో వాటితో వచ్చిన సూచనల పుస్తకంలో చూడాల్సిందే.

వేసే పద్ధతిలోనూ అంతే నేర్పు. మనిషిని మెల్లగా పక్కకు తిప్పి, స్లింగును సగం మడిచి వీపు వెంట పెట్టి, ఇటు తిప్పి ఆ మడత లాగాలి. కింది అంచు వెన్ను చివరకు రావాలి. కాళ్ల పట్టీలు తొడల కింద ముడతల్లేకుండా వచ్చి, ఒకదానిలోంచి ఒకటి దూరి అడ్డంగా దాటాలి. అలా దాటితే కాళ్లు విచ్చుకోవు, మనిషి సందులోంచి జారడు. తర్వాత ‘అమ్మా, లేపుతున్నా, చేతులు గుండెల మీద పెట్టుకో’ అని చెప్పి, ఒళ్లు పరుపును వదిలీ వదలనంత ఎత్తులో ఆపాలి. ఉచ్చులన్నీ కొక్కేల్లో నిండుగా కూర్చున్నాయా అని అప్పుడు మళ్లీ చూడాలి. నా దృష్టిలో పని మొత్తానికి ఇదే కీలకం, తొందరలో జనం వదిలేసేదీ ఇదే.

లిఫ్ట్ కాళ్లు వెడల్పుగా తెరిచి ఉండాలి, వీల్‌చెయిర్‌కు బ్రేకు పడాలి. ఎత్తేటప్పుడు లిఫ్ట్ చక్రాలకు మాత్రం చాలా రకాల్లో బ్రేకు వేయరు. బరువు కిందికి బండి తనంతట తాను సర్దుకోవాలి మరి. తొడల పైనుంచి కాళ్లు తీసేసినవారికి మామూలు స్లింగు పనికిరాదు, వారి కోసం వేరే కోత ఉంటుంది. పెద్ద రంధ్రమున్న టాయిలెట్ స్లింగు ఒళ్లు నిలుపుకోలేనివారికి ప్రమాదం.

మన ఇళ్ల సంగతీ చెప్పాలి. లిఫ్ట్ కాళ్లు మంచం కిందికి దూరాలి. కింద సామాన్ల డబ్బా ఉన్న దివాన్ అయితే దూరవు. షాబాదు బండల నేల మీద చక్రాలు హాయిగా నడుస్తాయి గానీ, గడప దాటించాలంటే ముందు మనిషిని కుర్చీలో దింపాల్సిందే. ఉతికాక మిద్దె మీద ఎర్రటి ఎండలో వేయకండి, ఎండ పాలిస్టర్‌ను తినేస్తుంది. బ్లీచింగ్ అంతకన్నా చేటు.

ఇక తనిఖీ సంగతి. కార్ఖానాలో బరువులెత్తే గొలుసును, తాడును ఏడాదికి ఒక్కసారైనా నిపుణుడు పరీక్షించాలని, మోయగల బరువు దాని మీద కనిపించాలని మన 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. బ్రిటన్‌లో 1998 నిబంధనల కింద పనిచోట్ల మనుషుల్ని ఎత్తే పరికరాలకు, వాటి స్లింగులకు ఆ గడువు ఆరు నెలలే. ఇంజను ఎత్తే గొలుసుకు ఇచ్చే పాటి శ్రద్ధ కన్నతల్లిని ఎత్తే గుడ్డకు ఇవ్వలేమా? వాడిన ప్రతిసారీ వెలుతుర్లో పట్టుకుని కుట్లు చూడండి. పోగు లేచినా, ఉచ్చు నలిగినా, లేబుల్ మీద బరువు అంకె చెరిగిపోయినా పక్కన పడేయండి, కుట్టించి మళ్లీ వాడొద్దు. కొనేటప్పుడు ధర కన్నా ముందు లేబుల్ అడగండి. అది లేని స్లింగు ఎంత చవకైనా ఇంటికి తేకండి.