కోనసీమ తీరచరిత్ర: దిబ్బల సాక్ష్యం, స్థలపురాణాల సాక్ష్యం

సప్తగోదావరుల స్థలపురాణాలను కోనసీమ భూగోళచరిత్రకు నేరుగా ఆధారంగా స్వీకరించే పద్ధతి పునఃపరిశీలించదగినది. ఇందుకు హిమానీనదాల అధ్యయనం ఒక పోలికను అందిస్తుంది. హిమానీనదం ముందుకు సాగి ఆగినచోట రాళ్లు, మట్టి గుట్టలుగా మిగులుతాయి. ఈ మొరైన్లను బట్టి పూర్వపు మంచు విస్తృతిని నిర్ణయిస్తారు. అయితే తరువాతి మంచు మరింత ముందుకు వస్తే పాత గుట్ట చెరిగిపోతుంది.

అమలాపురం, రాజోలు ప్రాంతాల ఇసుక దిబ్బల తీరు వేరు. గోదావరి ఒండ్రుతో భూమి సముద్రం వైపు పెరిగినకొద్దీ కొత్త దిబ్బ ముందు ఏర్పడింది, పాతది లోపల నిలిచింది.

స్థలపురాణం మొరైన్ వంటిది. కొత్త కథనం పాతదానిని కప్పివేస్తుంది. అంతర్వేది కథ నేటి వశిష్ఠా సంగమాన్నే ఆదికాలపు సంగమంగా చూపుతుంది. దిబ్బలు పూర్వతీరం ఇంకా లోపల ఉండేదని తెలుపుతాయి. ఇందులో కథ దోషం లేదు, స్థలానికి పవిత్రతను ప్రతిపాదించడమే దాని ప్రయోజనం. ఈ భేదాన్ని గుర్తించకపోవడం విమర్శ దోషం.

ఇళ్ల స్థలాలకు, చేపల, రొయ్యల చెరువులకు దిబ్బలను చదును చేస్తే కథ మాత్రమే మిగులుతుంది. దానిని పరీక్షించే ఆధారం ఉండదు. కనుక దిబ్బల రక్షణ సాహిత్య పరిశోధకుల బాధ్యత కూడా.