వినడానికే ఖర్చెక్కువ

మా బావమరిది మిరప చేలో తేమ కొలిచే సెన్సర్లు పెట్టిస్తానంటూ ఈ వారం ఒక కరపత్రం తెచ్చి చూపించాడు. ‘బ్యాటరీ పదేళ్లు’ అని అరచేయంత అక్షరాలు. ఏ లెక్కన పదేళ్లో చీమతలకాయంత అక్షరాల్లోనూ లేదు. ఒళ్లు మండింది.

‘ముందు విను, తర్వాత మాట్లాడు’ అని ఈ కాలమ్‌లో నేనెంత నసపెడతానో పాత పాఠకులకు తెలుసు. టీవీ చర్చలప్పుడూ అదే పాట, గ్రామసభలప్పుడూ అదే పాట. ఈ సెన్సర్లు కబురు పంపే రేడియోలకూ అదే మర్యాద ఉండాలనిపిస్తుంది. లైసెన్సు అక్కర్లేని తరంగాలు అందరివీ. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు సందేశాలూ పాడవుతాయి, మళ్లీ పంపడానికి మళ్లీ బ్యాటరీ.

తీరా లెక్క చూస్తే వ్యవహారం తలకిందులు. తొలితరం సెన్సర్లలో విరివిగా వాడిన సీసీ2420 చిప్ పూర్తి శక్తితో మాట్లాడేటప్పుడు తాగేది 17.4 మిల్లీఆంపియర్లు, వినేటప్పుడు సుమారు 19! ఎవరూ ఏమీ అనకపోయినా చెవి ఒగ్గి కూర్చుంటే చాలు, రెండు పెన్సిల్ సెల్స్ వారం తిరక్కుండానే ఖాళీ. నిద్రపోతే మాత్రం ఖర్చు మైక్రోఆంపియర్లలోకి దిగిపోతుంది.

అందుకని 2002లో ఎస్-మ్యాక్ అనే పద్ధతి వచ్చింది. ఇరుగుపొరుగు సెన్సర్లన్నీ ఒకే వేళకు నిద్రపోయి, ఒకే వేళకు లేస్తాయి. ఇది వింటే నాకు మా నాన్న గుర్తొస్తాడు. కాలువ నీటి వంతు రాత్రి రెండింటికైతే, ఒంటిగంటకే పార భుజాన వేసుకుని తూము దగ్గరుండేవాడు. ఎగువ మడి ఆసామి గడియారమూ మా ఇంటి గడియారమూ ఎన్నడూ కలిసి నడవలేదు మరి. తొందరపడితే తగవు, ఆలస్యమైతే మడి ఎండు. ఆ గంట నిద్ర ఏ లెక్కలోకీ రాదు. సెన్సర్లదీ అదే బాధ. లోపలి గడియారపు స్ఫటికం పది లక్షల్లో 40 వంతులు తేడాగా నడిచినా రోజుకు మూడున్నర సెకన్లు తప్పుతుంది. మధ్యమధ్య గడియారాలు సరిచూసుకోవాలి, లేదా ముందే లేచి కూర్చోవాలి. రెండూ ఖర్చే.

చివరికి పొలాల్లో నిలదొక్కుకున్నది మర్యాద తెలియని పద్ధతే. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వాళ్లు నడిపిన అలోహా వరస అది: వినకు, చెప్పాల్సింది చెప్పెయ్. మన దేశంలో 865 మెగాహెర్ట్‌జ్ దగ్గర పనిచేసే లోరావాన్ అనే రేడియో పద్ధతి సెన్సర్లలో ఎక్కువ భాగం ఇలాగే ఒక్క ముక్కలో మాట చెప్పి, జవాబు కోసం రెండు క్షణాలు చెవి తెరిచి, పడుకుంటాయి. నా పాత పాటకు ఇది పూర్తి విరుద్ధం. అయినా చేలో నేనూ ఇదే పెట్టిస్తాను.

ఒక్క షరతు. అలోహాలో దారి వాడకం 18 శాతం దాటదు. గుంపు పెరిగేకొద్దీ మాటలు ఢీకొని, ఆదా చేసిన నిద్రంతా తిరిగి చెప్పడానికే సరిపోతుంది. యూరప్‌లో ఇలాంటి తరంగాల్లో చాలావాటి మీద గంటకు 36 సెకన్లకు మించి మాట్లాడకూడదని కట్టడి పెట్టింది ఇందుకే.

కాబట్టి ఎవరైనా పదేళ్ల బ్యాటరీ అంటే రెండు ప్రశ్నలు అడగండి: గంటకు ఎన్నిసార్లు మాట్లాడుతుంది? చుట్టుపక్కల ఇంకెన్ని మాట్లాడుతున్నాయి? జవాబు రాకపోతే అడ్వాన్సు ఇవ్వకండి.